జాజ్ ప్లేట్లు మళ్ళీ వస్తున్నాయి, ఎవరి చేతుల మీదుగా?

బెంగళూరు దేవనహళ్ళి విమానాశ్రయంలో దిగే సరుకులో సెల్‌ఫోన్ విడిభాగాల పెట్టెల మధ్య అప్పుడప్పుడూ పన్నెండంగుళాల చదరపు అట్టపెట్టెలు కూడా ఉంటాయి. వాటిలో వచ్చేది చాలావరకు అరవై, డెబ్బై ఏళ్ళ నాటి సంగీతం. తెప్పించుకునేవాళ్ళలో బళ్ళారి రోడ్డుకి అటూ ఇటూ లేచిన అపార్ట్‌మెంట్లలోని మనవాళ్ళూ ఉన్నారు. ఇక్కడ తెలుగు వినపడటం వింతేం కాదు. ఇంకాస్త ఉత్తరానికి, చిక్కబళ్ళాపురం దాటి బాగేపల్లి వైపు పోతే తెలుగే ఎక్కువగా చెవిన పడుతుంది. ఘంటసాల, బాలమురళీకృష్ణల పక్కన అమెరికా జాజ్ డ్రమ్మరు ఆర్ట్ బ్లేకీ వచ్చి చేరడమే కొత్త.

ఆ బ్లేకీ ఆల్బమ్ ‘మోనిన్’నే తీసుకోండి. 1958 అక్టోబరు 30న న్యూజెర్సీలో ఒక్క రోజులో రికార్డయింది. ఇవాళ కొనబోతే అదే సంగీతం మామూలు రీఇష్యూగా, ఖరీదైన రీఇష్యూగా, యూరప్‌లో ఎవరో అచ్చేసిన చవక ప్లేటుగా, జపాన్ ప్రెస్సింగుగా, సెకండ్‌హ్యాండ్ సీడీగా దొరుకుతుంది. ఏది కొనాలి? ఆడియో పత్రికలు ఈ ప్రశ్నకి శబ్దం గురించి జవాబు చెబుతాయి: బాస్ ఎలా ఉంది, తాళాల మోత ఎంత దూరం పరుచుకుంది, ప్లేటు 180 గ్రాములా కాదా. నాకు వాటికన్నా ముందు తెలియాల్సింది, ఆ సంగీతం ఎవరి చేతుల మీదుగా మన దాకా వచ్చిందన్నది. ఏ టేపు తీశారు, ఏ టేకు వాడారు, ఏది వదిలేశారు, ఎందుకు వదిలేశారు, ఇవన్నీ అట్ట వెనక రాశారా లేదా. పాత డిక్సీలాండ్ జాజ్ నుంచి యాభైల నాటి హార్డ్ బాప్ జాజ్ దాకా ఇప్పుడు మార్కెట్లో ఉన్న రీఇష్యూలన్నిటినీ ఈ ఒక్క గీటురాయి మీద గీసి చూస్తే, ఖరీదుకీ విలువకీ పొత్తు కుదరని చోట్లు చాలా కనిపిస్తాయి.

తెలుగువాళ్ళకి ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. బెంగళూరు నాగరత్నమ్మ ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను 1910లో వావిళ్ళ వారి ద్వారా మళ్ళీ అచ్చు వేయించింది ఎందుకు? అంతకుముందు వచ్చిన ముద్రణలో కవయిత్రి తన గురించి చెప్పుకున్న పీఠికనూ, కొన్ని పద్యాలనూ పరిష్కర్త ఎత్తేశాడు కాబట్టి. ఆమె తాళపత్ర ప్రతి సంపాదించి, పోల్చి చూసి, పోయినదాన్ని తిరిగి చేర్చింది. ఆ పుస్తకం మీద నిషేధం వచ్చింది, అది వేరే కథ. పాత ముద్రణ చేతిలో ఉన్నంత మాత్రాన పాత రచన చేతిలో ఉన్నట్టు కాదని ఆమెకి తెలుసు. జాజ్ రీఇష్యూల చరిత్రలోనూ నాగరత్నమ్మలున్నారు, పద్యాలు ఎత్తేసిన పరిష్కర్తలూ ఉన్నారు.

రీఇష్యూ అనేది ఈమధ్య పుట్టిన వ్యాపారం అనుకుంటే పొరపాటు. న్యూయార్కులో కమడోర్ అనే మ్యూజిక్ షాపు నడిపిన మిల్ట్ గేబ్లర్ 1930ల నడుమనే, కంపెనీలు వదిలేసిన పాత జాజ్ ప్లేట్లను మళ్ళీ నొక్కించి అమ్మడం మొదలెట్టాడు. యేల్‌లో చదువుకుంటున్న జార్జ్ అవాకియన్‌ని కొలంబియా కంపెనీ 1940లో పిలిచి, గోడౌన్లలో పడున్న పాత మాస్టర్లు వెతికి మళ్ళీ విడుదల చేయమంది. ఆ కుర్రాడికి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1920ల్లో వాయించి, అప్పటిదాకా ఎవరూ వినని రికార్డింగులు కూడా దొరికాయి. ఇవాళ మనం హార్డ్ బాప్ పేరు చెప్పగానే తలుచుకునే కంపెనీల పుట్టుక చూస్తే ఇంకా ఆశ్చర్యం. థెలోనియస్ మంక్‌ని నిలబెట్టిన రివర్‌సైడ్ 1953లో మొదలైంది 1920ల నాటి పాత ప్లేట్లు మళ్ళీ వేయడానికే. దాన్ని పెట్టిన బిల్ గ్రాయర్, ఓరిన్ కీప్‌న్యూస్ పాత రికార్డుల సేకర్తల పత్రిక నడిపినవాళ్ళు. ఆర్ట్ పెప్పర్, సోనీ రోలిన్స్‌ల గొప్ప రికార్డులు తెచ్చిన కాంటెంపరరీ అధిపతి లెస్టర్ కోనిగ్ అంతకుముందే డిక్సీలాండ్ కోసం గుడ్ టైమ్ జాజ్ అనే లేబుల్ పెట్టాడు. డిస్నీ స్టూడియో బొమ్మలు గీసేవాళ్ళు సరదాగా కట్టిన ఫైర్‌హౌస్ ఫైవ్ ప్లస్ టూ అనే బ్యాండు దానికి అన్నం పెట్టింది. 1939లో పుట్టిన బ్లూనోట్ కంపెనీకి తొలి పేరు తెచ్చింది న్యూ ఆర్లీన్స్ పెద్దాయన సిడ్నీ బెషే వాయించిన ‘సమ్మర్‌టైమ్’.

కాబట్టి పాత జాజ్ ఒక గది, కొత్త జాజ్ ఇంకో గది అని అలమారులు కట్టుకున్నది మనమే. వాయించినవాళ్ళకి ఆ గోడ అంత ఎత్తు లేదు. ‘మోనిన్’ ఆల్బమ్‌లోనే బెనీ గోల్సన్ రాసిన ‘బ్లూస్ మార్చ్’ వినండి. బ్లేకీ డ్రమ్ము మీద కవాతు దరువు వేస్తుంటే న్యూ ఆర్లీన్స్ వీధి బ్యాండు నడిచి వస్తున్నట్టే ఉంటుంది.

అయితే రీఇష్యూల మార్కెట్లో మాత్రం ఆ గోడ నిలువెత్తున ఉంది. హార్డ్ బాప్‌కి రాజభోగం, డిక్సీలాండ్‌కి మూల పీట.

దీనికి కారణాలున్నాయి. పేరుతోనే మొదలవుతుంది చిక్కు. డిక్సీలాండ్ అన్న పేరులో బానిసత్వపు రోజుల అమెరికా దక్షిణాది మీద తెల్లవాళ్ళ బెంగ ఉంది. ఆ సంగీతాన్ని పుట్టించిన నల్లజాతి కళాకారుల్లో చాలామందికి ఆ పేరు నచ్చలేదు. తొలి జాజ్ రికార్డు అనిపించుకున్నది కూడా 1917లో ఒరిజినల్ డిక్సీలాండ్ జాజ్ బ్యాండ్ అనే తెల్లవాళ్ళ బృందానిదే. తర్వాత 1940ల్లో, ’50ల్లో పాత బాణీని తిరగదోడిన బృందాలు చాలా వచ్చాయి. కొన్నిటిలో ప్రాణం ఉంది, కొన్నిటిలో గీతల చొక్కాలూ గడ్డి టోపీలూ తప్ప ఏమీ లేవు. టోపీల మూలంగా ప్రాణం ఉన్నవాటికీ చెడ్డపేరు వచ్చింది.

రెండో కారణం సాంకేతికం. హార్డ్ బాప్‌కి టేపులున్నాయి. 1920ల సంగీతానికి టేపు లేదు. మైక్రోఫోను వచ్చింది 1925లో. అంతకుముందు కళాకారులు ఒక పెద్ద కొమ్ము ముందు నిలబడి వాయిస్తే, ఆ గాలి అదురే సూదిని కదిపి మైనం మీద గీత గీసేది. కింగ్ ఆలివర్ బ్యాండు 1923 ఏప్రిల్‌లో ఇండియానాలోని రిచ్‌మండ్‌లో జెనెట్ కంపెనీకి ఇలాగే వాయించింది. స్టూడియో పక్కనే రైలు పట్టాలు. బండి వస్తే రికార్డింగు ఆపాల్సిందే. ఆలివర్, అతని పక్కన ఇరవై ఒక్కేళ్ళ ఆర్మ్‌స్ట్రాంగ్, ఇద్దరి కార్నెట్లు, జానీ డాడ్స్ క్లారినెట్, ట్రాంబోను, పియానో, అందరూ ఒకరి మీద ఒకరు అల్లుకుంటూ ఒకేసారి వాయిస్తారు. ఆ అల్లికే ఈ సంగీతానికి ఆయువుపట్టు. కొమ్ములో పడ్డాక అది గోనెసంచిలోంచి వినిపించే గోల అవుతుంది. కొత్తగా వినేవాడు రెండు నిమిషాల్లో లేచిపోతాడు.

ఈ గోలలోంచి సంగీతాన్ని వేరు చేసిన మనిషి ఒకడున్నాడు: ఇంగ్లండుకి చెందిన జాన్ ఆర్. టి. డేవిస్. తను కూడా పాత బాణీ బ్యాండ్లలో వాయించినవాడే. 2004లో పోయాడు. నిమిషానికి 78 చుట్లు తిరగాల్సిన పాత ప్లేటు గాడిలో గోడలన్నీ ఒకేలా అరగవు. పాతకాలపు ఇనప సూదులు ఎంత లోతున గీకాయో అంత లోతున అరుగుతాయి. అందుకని రకరకాల మందాల సూదులు దగ్గర పెట్టుకుని, ఏ సూది అరగని మట్టాన్ని తాకుతుందో ప్లేటు ప్లేటుకీ వెతకాలి. తర్వాత వేగం. 78 అని పేరేగాని ఆ రోజుల్లో ఒక్కో కంపెనీ యంత్రం ఒక్కోలా తిరిగేది. బి-ఫ్లాట్‌లో వాయించిన పాట బి-నాచురల్‌లో వినిపిస్తే ప్లేటు ఎక్కువ వేగంతో తిరుగుతున్నట్టు. కార్నెట్ పట్టుకున్నవాడెవడూ పనిగట్టుకుని ఆ శ్రుతి ఎంచుకోడు. అంటే ప్లేటు బాగుచేసేవాడికి చెవితో పాటు వాద్యం తెలిసి ఉండాలి. ఇవి కుదిరాక టిక్కుటిక్కుమనే గీతల చప్పుడు ఒక్కొక్కటీ తీయడం. బుసబుసను పూర్తిగా తుడిచేస్తే దాంతోపాటు క్లారినెట్ ఊపిరి కూడా పోతుంది, కాబట్టి కొంత ఉండనివ్వాలి. డేవిస్‌కి ఎక్కడ ఆపాలో తెలుసు.

ఆర్మ్‌స్ట్రాంగ్ హాట్ ఫైవ్, హాట్ సెవెన్ రికార్డులను అసలు కంపెనీ వారసులు 2000లో నాలుగు సీడీల పెట్టెగా ఘనంగా తెచ్చారు. జేఎస్‌పీ అనే చిన్న బ్రిటిష్ కంపెనీ డేవిస్ చేత చేయించి వేసిన నాలుగు సీడీలు దాని ధరలో చిన్న వంతుకే దొరికేవి. పాత జాజ్ వినేవాళ్ళలో ఎక్కువమంది చిన్న కంపెనీకే ఓటేశారు. నా ఓటూ అదే. అలాగే కింగ్ ఆలివర్ 1923 రికార్డింగులు మొత్తం 2006లో ‘ఆఫ్ ద రికార్డ్’ పేరుతో రెండు సీడీలుగా వచ్చాయి. ఆర్మ్‌స్ట్రాంగ్, ఆలివర్ ఇద్దరూ కలిసి వేసే జంట పలుకులు విడివిడిగా వినిపించేంత శుభ్రంగా ఉన్నాయి. ఈ రెండూ ప్లేట్లు కావు, సీడీలు. మన వినైల్ వీరులు వాటి వైపు చూడరు. అది వాళ్ళ నష్టం.

పద్యాలు ఎత్తేసిన పరిష్కర్త కథ కూడా ఇక్కడే చెప్పాలి. 1954లో అవాకియన్ ఆర్మ్‌స్ట్రాంగ్ చేత బ్లూస్ స్వరకర్త డబ్ల్యు. సి. హాండీ పాటలు వాయింపజేసి, పాడించి ఒక ఆల్బమ్ చేశాడు. అప్పటికి ఆర్మ్‌స్ట్రాంగ్‌ని పాత చింతకాయ పచ్చడి కింద కట్టేసినవాళ్ళ నోళ్ళు మూయించిన రికార్డది. మధ్య శతాబ్దపు సంప్రదాయ జాజ్‌లో ఒక్కటి వినమంటే నేను దాన్నే ముందుకు తోస్తాను. 1986లో అది తొలిసారి సీడీగా వచ్చినప్పుడు, లోపల చాలా పాటలకు అసలు టేకులు కాక, పక్కన పెట్టిన వేరే టేకులు వేశారు. అట్ట అదే, పేరు అదే, బొమ్మ అదే. ఆ సీడీ కొన్నవాళ్ళు 1997లో సరైన కూర్పు వచ్చేదాకా పదకొండేళ్ళు ఇంకో ఆల్బమ్ విన్నారన్నమాట. ఇంత పెద్ద కంపెనీలో ఇలా జరిగిందంటే, అట్ట మీది పేరుని ఎంతవరకు నమ్మాలి?

డిక్సీలాండ్‌కీ హార్డ్ బాప్‌కీ మధ్య ఉన్న బీబాప్ గురించి ఎక్కువ చెప్పను. అక్కడ లోటు రీఇష్యూ వాళ్ళది కాదు. 1942 ఆగస్టు నుంచి అమెరికా సంగీతకారుల సంఘం రికార్డింగులు బహిష్కరించింది. పెద్ద కంపెనీల్లో రెండు 1944 నవంబరు దాకా లొంగలేదు. చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ ఇద్దరూ 1943లో ఎర్ల్ హైన్స్ బ్యాండులో పక్కపక్కన కూర్చుని కొత్త సంగీతాన్ని కనిపెడుతున్నప్పుడు దాన్ని పట్టుకున్న స్టూడియో లేదు. దొరకనిదాన్ని మళ్ళీ ఎలా వేస్తారు? డీన్ బెనెడెట్టి అనే అభిమాని మాత్రం 1947, ’48ల్లో క్లబ్బులకి యంత్రం మోసుకుపోయి పార్కర్ వాయించినంతసేపూ రికార్డు చేసి, పక్కవాడు ఎత్తుకోగానే ఆపేసేవాడు. మొజాయిక్ కంపెనీ 1990లో ఆ ముక్కలన్నీ పెట్టెగా తెచ్చింది. భక్తికి పరాకాష్ఠ అనొచ్చు. పక్కన వాయించినవాళ్ళు వింటే ఏమనుకునేవారో!

ఇక హార్డ్ బాప్. బీబాప్ మరీ మెదడు లెక్కల్లోకి పోతోందనిపించి, చర్చి పాటలూ బ్లూసూ మళ్ళీ దాని నరాల్లోకి ఎక్కించినవాళ్ళ సంగీతం: బ్లేకీ, హొరేస్ సిల్వర్, లీ మోర్గన్, రోలిన్స్. దీని అదృష్టం ఏమిటంటే, దీన్ని రికార్డు చేసినవాడు రూడీ వాన్ గెల్డర్. పగలు కళ్ళజోళ్ళ పరీక్షలు, మిగతా వేళల్లో హ్యాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో రికార్డింగులు. 1959లో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్నాడు. బ్లూనోట్ అధిపతి ఆల్ఫ్రెడ్ లయన్ రిహార్సల్స్‌కి కూడా డబ్బిచ్చేవాడు. ఫొటోలు ఫ్రాన్సిస్ వుల్ఫ్, అట్టలు రీడ్ మైల్స్. తర్వాత 1966 నాటికి కంపెనీ చేతులు మారినా టేపులు పోలేదు. 1970ల్లో మైఖేల్ కస్కూనా అనే ఆయన ఆ టేపుల గదిలోకి దిగి, విడుదల కాకుండా ఉండిపోయిన సెషన్లు బయటకి తీశాడు. చార్లీ లూరీతో కలిసి మొజాయిక్ పెట్టాడు. 1983లో దాని తొలి పెట్టె మంక్ బ్లూనోట్ రికార్డింగులది. ఏ రోజు ఏ టేకు, ఎవరు వాయించారు, ఎందుకు ఆపేశారు, అన్నీ రాసి ఇచ్చే పుస్తకం దాంతోపాటు. 2024లో కన్నుమూసిన కస్కూనాని ఈ రంగానికి నాగరత్నమ్మ అంటే అతిశయోక్తి కాదు.

ఇప్పుడు రాజ్యమేలుతున్న రీఇష్యూ వరసలు నడుస్తున్నది ఆయన వేసిన బాట మీదే. బ్లూనోట్ 2019లో మొదలెట్టిన టోన్ పొయెట్ వరస అమెరికాలో ముప్ఫై అయిదు, నలభై డాలర్లు పలుకుతుంది. మన దగ్గరికి వచ్చేసరికి రవాణా, సుంకం కలిసి ఇంకా పైకి పోతుంది. మాస్టరింగు ఇంజనీరు కెవిన్ గ్రే చెక్కిన లక్కర్లు (ప్లేట్ల అచ్చుకి మూలమైన పళ్ళాలు), బరువైన ప్లేటు, గట్టి అట్ట, లోపల వుల్ఫ్ ఫొటోలు. పని మాత్రం నాణ్యమైనది, కాదనను. దీనికి తమ్ముడు క్లాసిక్ వినైల్ వరస, ధర తక్కువ, మాస్టరింగు అదే గ్రే. నేనైతే ఎవరడిగినా తమ్ముణ్ణే కొనమంటాను. ప్రెస్టీజ్, రివర్‌సైడ్, కాంటెంపరరీల మాస్టర్లన్నీ చేతులు మారి మారి కాంకర్డ్ దగ్గర చేరాయి. వాళ్ళ క్రాఫ్ట్ లేబుల్ 2023 నుంచి ఒరిజినల్ జాజ్ క్లాసిక్స్ వరసను మళ్ళీ లేపింది. ఇక లండన్లో ఒక కంపెనీ పాతకాలపు వాల్వు యంత్రాలతో వందల్లో మాత్రమే ప్లేట్లు తీసి ఒక్కోటి మూడు వందల పౌండ్లకు పైన అమ్ముతుంది. అది సంగీతం కొనడమా, స్థలం కొనడమా అన్నది కొన్నవాళ్ళే చెప్పాలి.

ప్లేటు మధ్యలో లేబుల్‌కీ ఆఖరి గాడికీ మధ్య ఖాళీ జాగా ఉంటుంది చూశారా, సేకర్తలు భూతద్దం పట్టుకుని చదివేది దాన్నే. పాత బ్లూనోట్ అయితే వాన్ గెల్డర్ ముద్ర, దాని పక్కన చెవి ఆకారంలో ఒక గుర్తు. నిజానికది ప్లాస్టిలైట్ అనే ప్రెస్సింగు ఫ్యాక్టరీ పేరులోని మొదటి అక్షరం, వంకర తిరిగి చెవిలా కనిపిస్తుంది. ఆ చెవి ఉంటే ధర ఒకటి, లేకపోతే ఒకటి. కొత్త ప్లేట్ల మీద గ్రే పొడి అక్షరాలు. ఈ గీతల్లో సమాచారం ఉంది, మూఢభక్తీ ఉంది.

ఆ భక్తికి 2022లో పెద్ద దెబ్బ తగిలింది. అసలు టేపు నుంచి నేరుగా, మధ్యలో డిజిటల్ మెట్టు లేకుండా ప్లేట్లు చేస్తుందని అందరూ నమ్మిన మొబైల్ ఫిడెలిటీ కంపెనీ, 2011 నుంచే చాలా రికార్డులకు డిజిటల్ కాపీ వాడుతోందని ఒక రికార్డుల షాపు యజమాని బయటపెట్టాడు. కోర్టు దావా దాదాపు 25 మిలియన్ డాలర్ల రాజీతో ముగిసింది. నన్నడిగితే కంపెనీ చేసిన తప్పు డిజిటల్ వాడటం కాదు, చెప్పకపోవడం. అంతకాలం ఆ ప్లేట్లని ఆకాశానికెత్తిన చెవులు తేడా పసిగట్టలేదన్నది గుర్తుంచుకోవాల్సిన విషయం. మాటిమాటికీ అరిగే పాత టేపుని జాగ్రత్తగా ఒకసారి కాపీ చేసుకోవడంలో తెలివే ఉంది. 2008లో హాలీవుడ్‌లో యూనివర్సల్ వారి ఆవరణలో జరిగిన అగ్నిప్రమాదంలో మాస్టర్ టేపులు కాలిపోయాయని 2019లో ప్రపంచానికి తెలిసింది. ఎన్ని పోయాయన్నది ఇప్పటికీ వివాదమే. మూల ప్రతి ఒక్కటే ఉండాలనే పట్టింపు ఎంత ప్రమాదమో దాన్నిబట్టి తెలుస్తుంది.

అసలు టేపు అన్నది కూడా వేదం కాదు. అందరి ఇళ్ళలో ఉండే మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ సంగతే చూడండి. 1959 మార్చి 2న మొదటి సెషన్. ఆ రోజు ప్రధాన టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. మామూలు వేగంతో వినిపించినప్పుడు మొదటి వైపు మూడు పాటలూ శ్రుతి కొద్దిగా పైకి పోయాయి, పావు స్వరం లోపే. ఆ ఆల్బమ్ పెట్టుకుని కూడా వాయించబోయిన విద్యార్థులు తమ వాద్యమే శ్రుతి తప్పిందనుకున్నారు. 1992లో, అదే రోజు సరైన వేగంతో తిరిగిన రెండో యంత్రం టేపు వాడి దిద్దారు. తంబూరా పక్కన పెరిగిన చెవికి ఈ తేడా తెలుస్తుంది. ‘సో వాట్’ పాత కూర్పు, కొత్త కూర్పు వెంటవెంట పెట్టి చూడండి. ఇలాంటి దిద్దుబాటు రీఇష్యూ చేయగల మహోపకారం. 1959లోనే వచ్చిన చార్లెస్ మింగస్ ‘మింగస్ ఆ అమ్’లో పాటలు నిడివి కోసం కత్తిరించారు, తర్వాతి కూర్పుల్లో ఆ ముక్కలు తిరిగి అతికించారు. ఇది అంత తేలికగా తేలే పంచాయితీ కాదు. కత్తిరించిన రూపంలోనే అది లోకానికి పరిచయమైంది, ఆ బిగువు దానికి అందం కూడా. నేను రెండూ ఉంచుకున్నాను, ఎక్కువగా వినేది కత్తిరించినదే.

చవక ప్లేట్ల సంగతికొద్దాం. యూరప్‌లో సౌండ్ రికార్డింగు హక్కు ఒకప్పుడు యాభై ఏళ్ళే. తర్వాత డెబ్బైకి పెంచినా, 1962 చివరికల్లా విడుదలైనవి అప్పటికే జనం సొత్తయిపోయాయి. అందుకే స్పెయిన్ కంపెనీలు ఎవరి అనుమతీ అడక్కుండా యాభైల జాజ్ మొత్తాన్ని వేసుకుంటున్నాయి. చాలావరకు వాళ్ళ దగ్గర టేపులుండవు. ఎక్కడిదో సీడీయో, పాత ప్లేటో తెచ్చి ఎక్కిస్తారు, అదేమిటో చెప్పరు. ధరకి ఆశపడి నేనూ కొన్నాను. మోనో ఆల్బమ్‌కి లేని స్టీరియో పుట్టించినదొకటి ఇంట్లో ఉంది. అయితే జేఎస్‌పీ, డేవిస్‌ల గొప్ప పనికి ఊపిరి పోసిందీ ఆ చట్టమే కదా. చట్టం తలుపు తీసింది. దాంట్లోంచి పండితుడూ వచ్చాడు, దొంగా వచ్చాడు.

మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగుకి, విడుదలైన మరుసటి ఏడాది నుంచి లెక్కించి అరవై ఏళ్ళు. అంటే 1964 దాకా విడుదలైన రికార్డుల హక్కు తీరిపోయింది. అమెరికాలో చూస్తే 1957 నుంచి 1972 ఫిబ్రవరి నడుమ వచ్చినవాటికి 2067 దాకా కాపలా ఉంది. ‘మోనిన్’ రికార్డింగు అక్కడ ఇంకా కంపెనీ ఆస్తి, ఇక్కడ కాదు. బాణీ మీద స్వరకర్త హక్కు వేరు, అది పోలేదు, దానికి డబ్బు కట్టాల్సిందే. అయినా తలుపు సగం తెరిచే ఉంది. ఆ తలుపులోంచి మనం ఏం బయటకి తెచ్చామని అడిగితే, దాదాపు ఏమీ లేదు.

తేవడానికి సరుకు లేక కాదు. షికాగోలో ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కన వాయించిన పియానిస్టు టెడ్డీ వెదర్‌ఫర్డ్ 1920ల్లోనే ఆసియాకి వచ్చి, షాంఘై, బొంబాయి తిరిగి కలకత్తాలో స్థిరపడి, కొలంబియాకి ప్లేట్లిచ్చి, 1945లో అక్కడే కలరాతో పోయాడు. లియోన్ ఆబీ బృందం 1935లో బొంబాయి తాజ్ హోటల్లో వాయించింది. ఆ మరుసటి ఏడాది క్రికెట్ స్మిత్ బృందం ‘తాజ్‌మహల్’ అనే ఫాక్స్‌ట్రాట్ రికార్డు చేసింది. ఆ పాట పేరుతోనే నరేశ్ ఫెర్నాండెజ్ 2012లో ‘తాజ్‌మహల్ ఫాక్స్‌ట్రాట్’ పుస్తకం రాశాడు, దాంతో ఒక సీడీ కూడా ఇచ్చాడు. అంతకుముందు, 1980లలో, హార్లెక్విన్ అనే బ్రిటిష్ లేబుల్ 1926 నుంచి 1944 దాకా ఇండియాలో రికార్డయిన జాజ్, డాన్సు సంగీతంతో ఒక ఎల్పీ తెచ్చింది. మన జాజ్‌ని మనకి మళ్ళీ వినిపించింది కూడా ఇంగ్లండువాళ్ళే!

బెంగళూరుకి వస్తే, కంటోన్మెంటు క్లబ్బుల్లో, హోటళ్ళలో డాన్సు బ్యాండ్లకి కొరత లేదు. ఆంగ్లో-ఇండియన్లు, గోవావాళ్ళు రాత్రుళ్ళు వాయించేవారు. కాని కంపెనీల యంత్రాలు ఉండేది కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో. మైకు ముందు నిలబడే అవకాశం దొరకని వాయిద్యం వాయించినచోటే ఆవిరైపోయింది. మన తెలుగు సినిమాల క్లబ్బు పాటల్లో ఎల్. ఆర్. ఈశ్వరి గొంతు వెనక గర్జించే బాకాల్లో ఆ తరం వాయిద్యం కొంత మిగిలింది. వాయించినవాళ్ళ పేర్లు మాత్రం ప్లేట్ల మీద లేవు.

బెంగళూరుకి జాజ్ ప్రపంచ పటంలో చోటిచ్చిన రికార్డు వేరే దారిన వచ్చింది. బోస్టన్‌లో పుట్టిన ఆల్టో సాక్సఫోనిస్టు చార్లీ మరియానో, స్టాన్ కెంటన్ బ్యాండులో వాయించి, 1963లో మింగస్ ‘బ్లాక్ సెయింట్ అండ్ ద సిన్నర్ లేడీ’లో ఏడుపుని వాద్యంలోకి ఒంపిన మనిషి. ఆ తర్వాత నాగస్వరం మీద మనసు పడి, పట్టుబట్టి నేర్చుకున్నాడు. టి. ఏ. ఎస్. మణి 1964లో పెట్టిన కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్‌తో, ఆర్. ఏ. రమామణి గాత్రంతో కలిసి చేసిన ‘జ్యోతి’ని జర్మనీ కంపెనీ ఈసీఎమ్ 1983లో తెచ్చింది. జుగల్‌బందీ పేరుతో జరిగే గుద్దులాట అందులో లేదు. రమామణి ఆలాపన వెంట మరియానో ఒదిగి నడుస్తాడు. అరవైల రికార్డుల మీద పోసే డబ్బులో పిసరంత దీని మంచి కూర్పు మీద, మణి బృందం గురించి వివరంగా రాసిన పుస్తకం మీద పెడితే బాగుండేది. మద్రాసు ముచ్చట కూడా ఒకటుంది. 1958లో అమెరికా జాజ్ పియానిస్టు డేవ్ బ్రూబెక్ బృందం వచ్చినప్పుడు డ్రమ్మరు జో మొరెల్లో, పళని సుబ్రహ్మణ్య పిళ్ళై మృదంగం విని ఆయనతో కలిసి వాయించాడు. ఆ మరుసటేడు వచ్చిన ఆ బృందం ‘టేక్ ఫైవ్’ అయిదు దెబ్బల తాళమే. కాకపోతే మన ఖండ చాపు రెండూ మూడుగా విరుగుతుంది, అది మూడూ రెండుగా.

ఇప్పుడు కావలసినది ఇంకో ‘కైండ్ ఆఫ్ బ్లూ’ కూర్పు కాదు. ఇండియాలో ముద్రించిన పాత డాన్సు, జాజ్ 78లను ఒకచోట చేర్చి, ప్లేటు మీద చెక్కిన మ్యాట్రిక్స్ నంబర్లు రాసుకుని, డేవిస్ పద్ధతిలో ఎక్కించి, వాయించినవాళ్ళ పేర్లతో తేవడం. రికార్డింగు హక్కు ఎవరినీ అడగక్కర్లేదు, అది ఎప్పుడో తీరిపోయింది. దీనికి ఈసీఎమ్ అంత స్టూడియో అవసరం లేదు. మంచి సూదులు నాలుగు, ఓపిక, వాద్యం తెలిసిన చెవి చాలు. ఆదివారం చిక్‌పేట సండే బజారుకి పోతే, సినిమా ప్లేట్లు ముందు పరిచి, ఇంగ్లిషు లేబుళ్ళున్నవి ఎవరూ అడగరని కట్టగట్టి వెనక పెట్టినవాళ్ళు ఉంటారు. వెతకడం మొదలెట్టేవాళ్ళు ముందుగా ఆ కట్ట విప్పించాలి.